లంకల మీద ఎగిరేవాళ్లు కావాలి

ఆలమూరు మండలంలో పదో తరగతి దాటిన ప్రతి అబ్బాయినీ, ప్రతి అమ్మాయినీ ఒక ప్రశ్న అడుగుతున్నాను. ఇంట్లో అప్పు లేదనుకోండి. ఫీజు కట్టమని అడిగేవాళ్లు లేరనుకోండి. నెలకెంత వస్తుందని పెళ్లిచూపుల్లో ఆరా తీసేవాళ్లూ లేరనుకోండి. మీ చేతికి ఒక విమానం ఇస్తే దాంతో ఏం పని చేస్తారు?

తొందరపడి జవాబు చెప్పకండి. మొదట నోటికొచ్చే జవాబు చాలాసార్లు మనది కాదు, ఎవరో చెప్పగా విన్నది. తెల్లచొక్కా, భుజాల మీద బంగారు గీతలు, పెద్ద విమానం, దుబాయ్, కారు, బంగళా. ఆ ఉద్యోగం గొప్పదే. వందా రెండొందల మందిని అర్ధరాత్రి వానలో క్షేమంగా నేలకు దించేవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. జీతం మాట పక్కన పెట్టాక కూడా మీ మనసు అదే చెబితే నిశ్చింతగా ఆ దారినే వెళ్లండి. కానీ మనసు ఇంకేదో గొణిగితే దాన్ని నొక్కేయకండి. ఆ మాట వినడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మనుషుల్ని ఒక పట్నం నుంచి ఇంకో పట్నానికి చేర్చడం విమానం చేసే పనుల్లో ఒకటి మాత్రమే. మిగతా పనుల గురించి మనకు ఎవరూ చెప్పలేదు.

ఆస్ట్రేలియా నడిమధ్యన వందల మైళ్ల బీడునేల. అక్కడి పల్లెల్లో ఒకప్పుడు కాన్పు కష్టమైతే డాక్టరు దగ్గరికి చేరేలోపే తల్లీబిడ్డల ప్రాణాలు పోయేవి. జాన్ ఫ్లిన్ అనే క్రైస్తవ బోధకుడు ఆ చావులు చూసి తట్టుకోలేకపోయాడు. రోగి కదల్లేకపోతే డాక్టరే ఎగిరి వెళ్లాలని ఏళ్ల తరబడి పట్టుబట్టాడు. 1928 మే 17న క్లోన్‌కర్రీ అనే చిన్న పట్నం నుంచి ఆ మొదటి విమానం లేచింది. నడిపినవాడు ఆర్థర్ ఆఫ్లెక్. ఆయన దగ్గర రేడియో లేదు. ఎండిన ఏరులు, కంచెలు, టెలిగ్రాఫ్ తీగలు, ఇవే ఆయనకు దారి. ఆ సేవ నేటికీ రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ పేరుతో పగలూ రాత్రీ నడుస్తోంది. వరద రోజుల్లో నిండు గర్భిణిని మంచం మీద మోసుకొచ్చి పడవెక్కించిన లంక ఊళ్లవాళ్లకు ఆ పైలట్ విలువ వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడ దారికి అడ్డం బీడు, ఇక్కడ ఏరు. అంతే తేడా.

ఇంకో పని చూడండి. తుపాను వస్తోందంటే అందరూ దూరంగా పారిపోతారు. దాని కడుపులోకే విమానం నడిపేవాళ్లు ఉన్నారు. 1943 జులై 27న అమెరికాలో గాల్వెస్టన్ తీరం దగ్గర జో డక్‌వర్త్ అనే సైనికాధికారి ఒంటి ఇంజను శిక్షణ విమానంతో హరికేన్ కన్నులోకి వెళ్లి క్షేమంగా తిరిగొచ్చాడు. ఈ రోజు అక్కడ అదే పనికి ప్రత్యేక దళాలున్నాయి. సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తున తుపాను గోడను చీల్చుకుని వెళతారు. పారాచూటు కట్టిన సన్నని గొట్టంలాంటి పరికరాన్ని కిందికి వదులుతారు. అది సముద్రంలో పడేదాకా గాలి వేగం, పీడనం, తేమ క్షణక్షణం పంపుతూనే ఉంటుంది. ఉపగ్రహం పైనుంచి చూసి అంచనా కడుతుంది, వీళ్లు లోపలికెళ్లి కొలిచి తెస్తారు. తుపాను ఎక్కడ తీరం దాటుతుందో, ఎంత బలంగా దాటుతుందో చెప్పడానికి ఆ కొలతలు ఎంతో పనికొస్తాయి.

కోనసీమవాళ్లకు ఈ మాట ఊరికే చెప్పడం లేదు. 1996 నవంబరు 6 రాత్రి ఏం జరిగిందో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. వెయ్యిమందికి పైగా పోయారు. తరాలు పెంచిన కొబ్బరి తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. ఇన్ని తుపాన్లు పుట్టే బంగాళాఖాతంలో విమానం తీసుకుని తుపానులోకి వెళ్లి కొలిచే పద్ధతి ఇంకా మామూలు వ్యవహారం కాలేదు. ఏదో ఒకనాడు అవుతుంది, కావాలి. ఆ నాడు ఆ సీట్లో కూర్చునేవాడు తుపాను అంటే ఏమిటో అమ్మమ్మ నోట విన్నవాడైతే ఎంత బాగుంటుంది!

అడవి తగలబడితే సరస్సు మీద వాలీ వాలకుండా జారుతూ పన్నెండు సెకన్లలో ఆరువేల లీటర్ల నీరు కడుపులో నింపుకొని మంటల మీద కుమ్మరించే విమానాలున్నాయి. సీఎల్-415 అంటారు వాటిని. అంతరించిపోయే దశకు చేరిన ఒక కొంగ జాతికి వలస దారి నేర్పడానికి 2001 నుంచి చాలా ఏళ్లు అమెరికాలో కొందరు చిన్న విమానాలు నడిపారు. పిల్లపక్షులు మనిషికి అలవాటు పడకూడదని కొంగలా తెల్లని ముసుగు తొడుక్కుని, వాటికి ముందు ఎగురుతూ, విస్కాన్సిన్ నుంచి ఫ్లోరిడా దాకా తీసుకెళ్లారు. మన పక్కనే ఒడిశా తీరంలో గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లను కాపాడటానికి భారత తీర రక్షక దళం ఏటా ‘ఆపరేషన్ ఒలీవియా’ నడుపుతుంది. ఓడలతోపాటు విమానాలూ ఆ కాపలా కాస్తాయి. తాబేలుకి కాపలాగా విమానం నడపడం కూడా ఒక ఉద్యోగమేనని మనలో ఎంతమందికి తెలుసు?

మాల్దీవుల్లో దీవి నుంచి దీవికి నీటి విమానాలు తిరుగుతాయి. నడిపేవాళ్ల కాళ్లకు చెప్పులు కూడా ఉండవు. అక్కడ తిరిగే ట్విన్ ఆటర్ రకం విమానమే 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణలోంచి లేచి శ్రీశైలం జలాశయంలో వాలింది. అది ప్రయోగాత్మక ప్రయాణమే, కానీ తెలుగు నేల మీద నది నుంచి విమానం లేవగలదని అందరూ కళ్లారా చూశారు. నీటి విమానం నడపాలంటే విమానం తెలిస్తే చాలదు, నీరు తెలియాలి. గాలి ఎటు కొడుతోందో అలల తీరు చూసి చెప్పాలి. ఇసుక మేట ఎక్కడుందో నీటి రంగు చూసి పోల్చాలి. సుడి ఎక్కడ తిరుగుతుందో, పాటు పోటుల వేళ ఏమిటో ఎరిగి ఉండాలి. గౌతమి మీద పంటు నడిపే సరంగుకి ఇవన్నీ ఏ పుస్తకమూ చెప్పకుండానే వచ్చు. ఆ సరంగు కొడుకు, ఆ సరంగు కూతురు నీటి విమానం నడపడానికి పనికిరారని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

ఇవన్నీ తెల్లవాళ్ల పనులండీ, మనవల్ల అవుతాయా అంటారేమో. మన విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ సంగతి వినండి. కారు నడపడం రాకముందే విమానం నడపడం నేర్చుకున్నాడు. అమెరికాలోని ఎంబ్రీ-రిడిల్ ఏరోనాటికల్ విశ్వవిద్యాలయంలో చదివాడు. జెట్ విమానాలు నడిపాడు, అక్కడితో ఆగలేదు. రన్‌వే కూడా సరిగా లేని మారుమూలల్లో దిగే బుష్ విమానాలు, పల్టీలు కొట్టే విన్యాస విమానాలు, నీటి విమానాలు, ఇంజను లేని గ్లైడర్లు, వేడిగాలి బెలూన్లు, ఇవన్నీ నడిపాడు. దేశాలు దాటి రోగుల్ని చేరవేసే వైద్య విమానాలకు పైలట్‌గా పనిచేశాడు. 2024 మే 19న బ్లూ ఆరిజిన్ సంస్థ రాకెట్‌లో అంతరిక్షపు అంచు దాటి వచ్చాడు. పత్రికలన్నీ ఆ పది నిమిషాల గురించి రాశాయి. నాకు మాత్రం ఆ పది నిమిషాలకు ముందున్న ఏళ్లు గొప్పగా కనిపిస్తాయి. ఎగిరే విద్యలో ఎన్ని గదులుంటే అన్ని గదుల తలుపులూ తట్టిన మనిషి అతను.

ఆ రాకెట్‌లోనే అతని పక్కన ఎడ్ డ్వైట్ అనే 90 ఏళ్ల పెద్దాయన కూర్చున్నాడు. 1960ల మొదట్లో అమెరికా వైమానిక దళంలో పైలట్. వ్యోమగామి శిక్షణకు ఎంపికైన మొదటి నల్లజాతి పైలట్. కానీ ఆ రోజుల్లో అతన్ని అంతరిక్షానికి పంపలేదు. అరవై ఏళ్లు గడిచాక 90వ ఏట వెళ్లాడు. డబ్బు కోసమే ఎగిరేవాడు అరవై ఏళ్లు ఆ కోరిక మోయడు. పని మీద ప్రేమ ఉన్నవాడే మోస్తాడు.

సరే, ఇక మన గడ్డకి వద్దాం. మన మండలాన్ని ఆనుకునే గౌతమి పారుతోంది. జొన్నాడ వంతెన మీద నుంచి చూస్తే వేసవిలో ఇసుక తిప్పలు, శ్రావణంలో సముద్రంలాంటి నీరు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు దాటిందంటే మూడో ప్రమాద హెచ్చరిక. ఆ మాట రేడియోలోనో ఫోన్‌లోనో వినగానే బడుగువానిలంక నుంచి అంతర్వేది దాకా ఎన్ని గుండెలు జారతాయో మీకు తెలుసు. 1986 ఆగస్టులో ఆనకట్ట దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద పారింది. ‘ఎనభై ఆరు వరద’ అని ఇప్పటికీ తారీఖుల లెక్కకి చెప్పుకొంటున్నాం. 2022 జులైలో మళ్లీ 25 లక్షల క్యూసెక్కులు దాటింది. కాజ్‌వేలు మునిగి, లంకలు విడిపోయి, డాబాల మీద జనం ఆహారం కోసం ఆకాశం వైపు చూశారు.

అలాంటి రోజున హెలికాప్టర్ నడపడం ఏ పనిలాంటిదో కాస్త ఊహించండి. తన కిందేముందో పైలట్‌కి సూటిగా కనిపించదు. తలుపు దగ్గర వంగి చూసే సహచరుడు ‘రెండడుగులు ముందుకు, ఒక అడుగు ఎడమకు’ అని చెప్పే మాటే అతని కళ్లు. రెక్కల గాలి దెబ్బకి కింద చిన్న నావ తలకిందులు కావచ్చు, రేకుల కప్పు లేచిపోవచ్చు. చుట్టూ అరవై అడుగుల కొబ్బరి చెట్లు, వాటి మధ్య కరెంటు తీగలు. ఆ గాలిలో, ఆ వానలో, తాడుకి వేలాడుతున్న ముసలమ్మ కాళ్లు చెట్టుకి తగలకుండా పైకి లాగేదాకా యంత్రాన్ని కదలకుండా నిలపాలి. ఎవరు చేయగలరు ఆ పని? శిక్షణ ఉన్న ఎవరైనా చేయగలరు. కానీ ఏ లంకలో బడి డాబా ఎత్తుగా ఉంటుందో, ఏ తోటలో చెట్లు లేని జాగా ఉంటుందో, వరద ముందు ఏ వైపు గండి కొడుతుందో పుట్టుక నుంచి తెలిసినవాడు ఇంకా బాగా చేయగలడు. కోనసీమ మీద ఎగిరే హెలికాప్టర్‌లో కోనసీమ బిడ్డ ఉండాలని నేనంటున్నది అందుకే.

‘అన్నీ బాగానే ఉన్నాయి, మరి డబ్బో?’ అని అడుగుతున్నారు కదూ. న్యాయమైన ప్రశ్న. డబ్బు లెక్కలేదని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. వాణిజ్య పైలట్ లైసెన్సుకి మన దేశంలో ఖర్చు నలభై, యాభై లక్షల పైమాటే. పెద్ద విమానం నడపడానికి కావాల్సిన ప్రత్యేక శిక్షణకి ఆ పైన ఇంకా లక్షలు. లైసెన్సు చేతిలో పెట్టుకుని ఉద్యోగం కోసం ఏళ్లు ఎదురుచూసేవాళ్లూ ఉన్నారు. నాన్న రెండెకరాల చెక్క అమ్మేసి, అమ్మ నగలు తాకట్టు పెట్టి, ఆలోచన లేకుండా దూకమని నేను ఎప్పటికీ చెప్పను. నేను చెప్పేది వేరు. ఏ పని మీద మీకు మనసుందో ముందు తేల్చుకోండి. అప్పుడు దానికి దారి వెతకండి. అలా వెతికితే నాన్న చెక్క జోలికి పోని దారులు రెండు కనిపిస్తాయి.

మొదటి దారి సైన్యం. హైదరాబాద్ పక్కనే దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉంది. అక్కడ ఎగరడం నేర్చుకోవడానికి మీరు ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. పైగా శిక్షణ కాలంలో నెలకు 56,100 రూపాయల స్టైపెండు వాళ్లే ఇస్తారు. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఉంటే పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల లోపు నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష రాయొచ్చు. డిగ్రీ అయ్యాక వైమానిక దళం పెట్టే ఏఎఫ్‌క్యాట్ పరీక్ష ఉంది, ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. కాలేజీలో ఎన్‌సీసీ వాయు విభాగంలో చేరి ‘సి’ సర్టిఫికెట్ సంపాదిస్తే దానికి వేరే ప్రవేశమార్గం కూడా ఉంది. నౌకాదళం ఉంది, విశాఖలో ఐఎన్ఎస్ డేగ వాళ్ల వైమానిక స్థావరం. తీర రక్షక దళం ఉంది. మనకు దగ్గర్లోని కాకినాడలో వాళ్ల స్టేషను ఉంది. పిల్లలు ఇంకా ఐదో తరగతిలోనే ఉన్నారా? విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక పాఠశాల 1962 నుంచి ఉంది. ఆరో తరగతిలో చేరడానికి ప్రవేశపరీక్ష రాయించండి.

ఈ దారి సులువని అనుకోకండి. వైమానిక దళ పైలట్ కావాలంటే వాళ్లు పెట్టిన కొలతకు తగ్గ ఎత్తు ఉండాలి, కళ్లు పదునుగా ఉండాలి. పైలట్‌గా పనికొస్తారో లేదో చూసే ప్రత్యేక పరీక్ష ఒకటుంది. అది జీవితంలో ఒక్కసారే. ఒకసారి తప్పితే మళ్లీ అవకాశం లేదు. అందుకే చివరి వారంలో చదివి గట్టెక్కుదామనుకునేవాళ్లకి ఇది కుదరదు. తెల్లారగట్ల లేచి ఏటిగట్టు మీద పరిగెత్తడం ఈ రోజే మొదలుపెట్టాలి. రాత్రిపూట ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకోవడం ఈ రోజే మానాలి.

రెండో దారి డ్రోన్. నవ్వకండి. దాన్ని బొమ్మ అనుకునేవాళ్లు 2024 సెప్టెంబరులో బుడమేరు వరదల్లో విజయవాడ చూసి ఉండాల్సింది. వీధుల్లో నీరు నిలిచి పడవ కూడా వెళ్లలేని సందుల్లో, మేడల మీద చిక్కుకున్నవాళ్లకి అన్నం పొట్లాలు, నీళ్లు, మందులు డ్రోన్లే అందించాయి. వాటిని నడిపినవాళ్లు కూడా పైలట్లే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండి, పదో తరగతి పాసైతే చాలు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన శిక్షణ కేంద్రంలో కొద్ది రోజులు నేర్చుకుని రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. విమాన శిక్షణకయ్యే ఖర్చులో సుమారుగా వందో వంతు చాలు. డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్ల కోసం కేంద్రం ‘నమో డ్రోన్ దీదీ’ పథకం తెచ్చింది. దేశం మొత్తం మీద 15 వేల సంఘాలకు డ్రోన్లు, ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల దాకా సాయం.

మన పొలాల్లో దానికెంత పనుందో చూడండి. సుడిదోమ పడితే వీపున తైవాన్ స్ప్రేయర్ తగిలించుకుని మోకాలిలోతు బురదలో మందు పీలుస్తూ కొట్టే కూలీ పడే బాధ మీకు తెలుసు. పది లీటర్ల డ్రోన్ ఎకరానికి పిచికారీ చేయడానికి పది నిమిషాలు చాలు, మందు మనిషి ఊపిరిలోకి పోదు. కొబ్బరికి సర్పిలాకార తెల్లదోమ పట్టి ఎన్నేళ్లుగా ఏడిపిస్తోందో చెప్పనక్కర్లేదు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం దానికి మందుగా శిలీంధ్రాన్ని పెంచి ఇస్తోంది. కానీ అంత ఎత్తున ఉన్న మట్టల అడుగున దాన్ని చల్లేదెవరు? చెట్టెక్కే దింపు కార్మికులు ఏటేటా తగ్గిపోతున్నారు. ఇది మీ కోసం కాచుకుని ఉన్న పని. కొబ్బరి మట్ట అడుగు భాగానికి మందు చేరేలా డ్రోన్‌ని ఎలా నడపాలో, ఏ ఎత్తున, ఏ కోణంలో, ఏ గాలిలో నడపాలో ఆలమూరు కుర్రాడు కనిపెడితే కేరళ దాకా నేర్చుకోవడానికి వస్తారు.

ఈ రెండు దారులూ కుదరక, సొంత డబ్బుతో వాణిజ్య లైసెన్సుకే వెళ్లాలని గట్టిగా నిశ్చయించుకున్నవాళ్లకి ఒక పెద్దగా నాలుగు మాటలు చెబుతాను. మొదట వైద్యపరీక్ష చేయించుకోండి. ఫీజు కట్టేశాక కంట్లోనో చెవిలోనో లోపం బయటపడితే ఆ డబ్బు, ఆ గుండెకోత రెండూ మీవే. రెండోది, వాతావరణం, నావిగేషన్, విమాన నిబంధనలు, సాంకేతికం, ఈ రాత పరీక్షల్ని ముందే ఇంటి దగ్గర చదివి గట్టెక్కండి. పుస్తకం అర్థంకానివాడు గాల్లో గంటకి వేలకు వేలు పోసి నేర్చుకోలేడు. మూడోది, లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి. చేరబోయే స్కూల్లో ఎన్ని విమానాలు నిజంగా ఎగురుతున్నాయో, ఎందరు శిక్షకులున్నారో, నెలకి ఒక్కో విద్యార్థికి ఎన్ని గంటలు దొరుకుతున్నాయో అక్కడ చదువుతున్న పిల్లల్నే అడగండి. నాలుగోది, డబ్బంతా ఒకేసారి కట్టకండి.

పేదింటి పిల్లలు ఈ దారిలో నెగ్గలేదా? నెగ్గారు. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ పనివాడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా. దాతలు ముందుకొచ్చారు, తర్వాత ప్రభుత్వం సాయం చేసింది, ఆ అమ్మాయి పైలట్ అయింది. విజయవాడలో పెరిగిన ఆనీ దివ్య పదిహేడో ఏట ఉత్తరప్రదేశ్‌లోని ఇందిరాగాంధీ జాతీయ విమాన అకాడమీలో చేరినప్పుడు ఇంగ్లిషు సరిగా రాదని తోటివాళ్లు ఎగతాళి చేశారు. పందొమ్మిదో ఏట ఎయిర్ ఇండియాలో చేరింది. ముప్పై ఏళ్లకే బోయింగ్ 777 కమాండర్ అయింది. ఆ వయసులో ఆ విమానానికి కమాండరైన మహిళ అప్పటిదాకా ప్రపంచంలోనే లేదన్నారు. తెలుగు మీడియం పిల్లలారా, ఇంగ్లిషు రాదని ఎవరైనా నవ్వితే తలదించుకోకండి. రేడియోలో మాట్లాడాల్సిన ఇంగ్లిషు కొద్దిగానే, అది నేర్చుకుంటే వస్తుంది. గుండె నిబ్బరం మాత్రం నేర్పితే రాదు, అది మీ దగ్గరే ఉండాలి.

అమ్మాయిలకి మరీ గట్టిగా చెబుతున్నాను. 2016 జూన్ 18న మన దుండిగల్‌లోనే దేశపు మొదటి ముగ్గురు మహిళా యుద్ధ విమాన పైలట్లు అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ రెక్కల బిళ్ల తగిలించుకున్నారు. 2022 నుంచి నేషనల్ డిఫెన్స్ అకాడమీ తలుపులు ఆడపిల్లలకీ తెరిచారు. ఇక ఆపేది ఇంట్లో గడప ఒక్కటే. ఆ గడప దాటించడం అమ్మానాన్నల పని. ఇంటర్ అవగానే సంబంధాలు చూడటం మొదలుపెట్టే ప్రతి తల్లినీ తండ్రినీ వేడుకుంటున్నాను, ఒక్క నాలుగేళ్లు ఆగండి.

కంటి పరీక్షలో ఆగిపోయినవాళ్లూ నిరాశపడొద్దు. గణితం, భౌతికశాస్త్రంతో బీఎస్సీ చేసినవాళ్లు, ఇంజినీరింగ్ చదివినవాళ్లు విమానాల రాకపోకలను నియంత్రించే ఉద్యోగాలకు పరీక్ష రాయొచ్చు. విమానాల నిర్వహణ, వాతావరణ శాస్త్రం, ఇవన్నీ ఆకాశానికి సంబంధించిన పనులే. కింద ఒకరు నిలబడి దారి చెబితేనే పైనొకరు ఎగరగలరు.

మధురపూడి విమానాశ్రయం మనకు గంట దూరం. అక్కడి నుంచే ఓఎన్‌జీసీ హెలికాప్టర్లు సముద్రంలో రిగ్గుల మీదికి మనుషుల్ని చేరవేస్తాయి. 2024 డిసెంబరులో ముంబయికి, ఢిల్లీకి నేరుగా విమానాలు మొదలయ్యాయి. అంటే ఆకాశం మన ఊరికి దగ్గరైంది. మనం ఇంకా తలెత్తి చూసి చేతులూపడం దగ్గరే ఆగిపోయాం. చేతులూపే వయసు పోయింది. ఆ సీట్లో కూర్చునే వయసు వచ్చింది.

డబ్బు లెక్క పెట్టని పనికి మనకు కొత్తగా ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మన పక్క ఊరు మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలైన డొక్కా సీతమ్మ గారు 1909లో కన్నుమూసేదాకా వచ్చినవాళ్లకు వచ్చినట్టు అన్నం పెట్టారు. ఏ వేళకొచ్చావని, ఏ కులమని అడగలేదు. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరి, దారిలో ఎవరో ఆకలితో తన ఇంటికే వస్తున్నారని విని, స్వామి దర్శనం మానుకుని వెనక్కి తిరిగి వంట చేశారని చెబుతారు. వెళ్లాల్సిన చోటికన్నా ఆకలిగొన్న మనిషి ముఖ్యమని తెలిసిన నేల ఇది. డాబా మీద చేతులూపుతున్నవాళ్లని చూసి దారి మళ్లించే పైలట్ ఈ నేల నుంచి రావాలి. వరద రోజున అన్నం పొట్లం పైనుంచి వేసేది సీతమ్మ గారి ఊరి చేయి కావాలి.

కాబట్టి మాటలు చాలు, ఈ వారంలోనే మూడు పనులు చేయండి. ఒక కాగితం తీసుకుని, జీతం ఊసు లేకుండా, ఏ విమానంతో ఏ పని చేస్తారో రాయండి. డాక్టరు దగ్గరికెళ్లి కళ్లు, చెవులు, రక్తపోటు చూపించుకుని, ఆ పనికి మీ ఒళ్లు సిద్ధంగా ఉందో లేదో తెలుసుకోండి. మూడోది, సైన్యమో, తీర రక్షక దళమో, డ్రోన్ సర్టిఫికెట్టో, మీ వయసుకి, మీ చదువుకి తగిన పరీక్ష తేదీ కనుక్కుని దరఖాస్తు పెట్టండి. మూలస్థానంలో, పెనికేరులో, చింతలూరులో, చొప్పెల్లలో ఎవరికి ఏ పరీక్ష గురించి తెలిసినా పక్కవాడికి చెప్పండి. గ్రంథాలయంలో కూర్చుని కలిసి చదవండి. ఒక్కడు ఎంపికైతే మండలమంతా ఊరేగించండి. తప్పినవాడి భుజం తట్టి మళ్లీ రాయించండి.

గౌతమి మళ్లీ పొంగుతుంది, తుపాను మళ్లీ వస్తుంది, తెల్లదోమ మళ్లీ పడుతుంది. ఆ రోజుకి సిద్ధంగా ఉండే పైలట్లు కావాలి మనకు. వాళ్లు వేరే ఎక్కడి నుంచో రావాలని ఎదురుచూడకండి. వాళ్లు మీరే. దరఖాస్తు నింపండి, ఒళ్లు వంచండి, ఎగరండి!